ఈఎన్8 హీట్‌లోకి నికెల్ ఎలా వచ్చింది: అల్లాయ్ స్టీల్ తుక్కు మీద ఒక కేస్ స్టడీ

2022 మార్చి రెండో వారం. రాత్రి షిఫ్టులో పోసిన ఈఎన్8 హీట్ (ఫర్నేస్‌లో ఒక విడతగా కరిగించి పోసే స్టీలును హీట్ అంటాం) రిపోర్టు పొద్దున్నే నా టేబుల్ మీదికి వచ్చింది. కార్బన్, మాంగనీస్ సరిగ్గా ఉన్నాయి. గంధకం, భాస్వరం హద్దులోనే ఉన్నాయి. కింద, మామూలుగా ఎవరి కళ్లూ ఆగని వరుసలో నికెల్ 0.31 శాతం, మాలిబ్డినం 0.05, రాగి 0.27 అని ఉంది. ఆ కస్టమర్‌తో మేం ఒప్పుకున్న హద్దులు నికెల్ 0.20, మాలిబ్డినం 0.03, రాగి 0.20.

ఈఎన్8 సాదా కార్బన్ స్టీలు. అందులో నికెల్‌కు పనే లేదు. 30 టన్నుల హీట్‌లో 0.31 శాతం అంటే 93 కిలోల నికెల్. సరిగ్గా అదే వారం, మార్చి 8న, లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో నికెల్ ధర టన్ను లక్ష డాలర్లు దాటి ట్రేడింగే ఆపేశారు. మా పర్చేజ్ వాళ్లకు ఒకటే టెన్షన్. తర్వాతి వారం నికెల్ ఉండే ఈఎన్24 స్టీలు ఆర్డరు ఉంది, దానికి నికెల్ ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్ల మీద ఫోన్లు. ఎక్కడో వెతుకుతున్న లోహం మా యార్డులోనే ఉంది. దాన్ని మా చేతులతోనే తీసుకెళ్లి, అది అక్కర్లేని స్టీలులో కరిగించాం. ఆ స్టీలూ పోయింది, నికెలూ పోయింది.

ఆ రోజు నుంచి దాదాపు ఏడాదిపాటు తుక్కు యార్డులో, ఫర్నేస్ దగ్గర మేం ఏం మార్చామో, ఎందుకు మార్చామో రాస్తున్నాను. మాది హైదరాబాద్ శివార్లలో మధ్యస్థాయి షాపు. కరెంటుతో తుక్కు కరిగించే 30 టన్నుల ఆర్క్ ఫర్నేస్, పక్కన కరిగిన స్టీలును సరిచేసే లేడిల్ ఫర్నేస్, దాన్లోని వాయువులు తీసే వాక్యూమ్ డీగ్యాసింగ్. స్టీలును వేడి చేసి సుత్తి దెబ్బలతో ఆకారం ఇచ్చే ఫోర్జింగ్ యూనిట్లకు బిల్లెట్లు (స్టీలు దిమ్మెలు) ఇస్తాం. ఇలాంటి షాపులో పనిచేసేవాళ్లకు ఈ లెక్కలు పనికొస్తాయి.

పోయేవి, పోనివి

ఫర్నేస్‌లో ఆక్సిజన్ ఊదితే అన్నీ శుభ్రమైపోతాయని చాలామంది అనుకుంటారు. కొత్తగా చేరిన ఇంజనీర్లు కూడా. ఆక్సిజన్ తనకు ఎక్కువ ఇష్టమైనదాన్ని ముందు పట్టుకుంటుంది. అల్యూమినియం, టైటానియం, సిలికాన్ ఇనుము కంటే ముందే కాలి, లోహం మీద తేలే స్లాగ్ అనే మడ్డిలోకి వెళ్లిపోతాయి. మాంగనీస్, క్రోమియం సగంసగం. ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అన్నది మనం ఫర్నేస్ నడిపే తీరు మీద ఉంటుంది. నికెల్, మాలిబ్డినం, రాగి, తగరం మాత్రం ఇనుము కంటే ఆక్సిజన్‌కు దూరం. ఫర్నేస్‌లో ఇనుమంతా కాలి స్లాగైపోయేదాకా అవి కదలవు. అంటే ఎప్పటికీ కదలవు.

పులుసులో ఉప్పెక్కువైతే ఉప్పు వెనక్కి తీయలేం, నీళ్లు పోసి పలుచన చేయగలం. స్టీలులో ఆ నీళ్లు స్పాంజ్ ఐరన్, పిగ్ ఐరన్. నేరుగా ఖనిజం నుంచి వచ్చినవి కాబట్టి వాటిలో రాగి, తగరం బెడద ఉండదు. దేశంలో బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారీకి తొలి అడుగులు పడింది ఉమ్మడి ఖమ్మం జిల్లా పాల్వంచలోనే, 1980 ప్రాంతంలో. అయితే పలుచన ఊరికే రాదు. స్పాంజ్ ఐరన్‌తో మట్టి, సిలికా కూడా వస్తాయి. స్లాగ్ పెరుగుతుంది, సున్నం పెరుగుతుంది, కరెంటు యూనిట్లు పెరుగుతాయి.

ఆ రాత్రి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. తుక్కు కరిగాక తీసే మెల్ట్‌డౌన్ శాంపిల్‌లోనే నికెల్ కనిపించింది. అప్పటికి ఫర్నేస్ నిండా లోహం. పలుచన చేయడానికి చోటు లేదు, వేరే గ్రేడుకు మళ్లించడానికి చేతిలో ఆర్డరు లేదు. తప్పు అంతకు నాలుగు గంటల ముందే, ఫర్నేస్‌లోకి తుక్కు దింపే బకెట్ నింపేటప్పుడే జరిగిపోయింది.

4.6 టన్నులు

మామూలు తుక్కుతో మా ఈఎన్8 హీట్లలో నికెల్ 0.08 దగ్గర ఉండేది. 0.31లోంచి అది తీసేస్తే 0.23 శాతం, అంటే 69 కిలోలు అదనంగా వచ్చాయి. మా దగ్గర ఎక్కువగా తిరిగే నికెల్ స్టీలు ఈఎన్24. అందులో నికెల్ సుమారు 1.5 శాతం, క్రోమియం 1.2, మాలిబ్డినం 0.25. 69 కిలోల నికెల్ రావాలంటే 4.6 టన్నుల ఈఎన్24 కరగాలి. 4.6 టన్నుల్లో మాలిబ్డినం పదకొండున్నర కిలోలు. 30 టన్నుల్లో దాదాపు 0.04 శాతం. మా మామూలు 0.01 కలిపితే 0.05. రిపోర్టుతో లెక్క సరిపోయింది. నికెల్, మాలిబ్డినం రెండూ ఒకే తుక్కును చూపిస్తున్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

హీట్‌లో ఏ తుక్కు ఎంత వేశారో రాసే ఛార్జ్ షీట్‌లో ఏముందో చూస్తే "లోకల్ హెవీ, 9 టన్నులు" అని ఒకే ఒక్క లైను. యార్డు మేస్త్రీని పిలిచి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మొన్న షాఫ్టుల ఫ్లాష్ ఒక లోడ్ వచ్చింది సార్. పెట్టే జాగ లేక హెవీ కుప్పలనే దింపిపిచ్చిన" అన్నాడు. ఫ్లాష్ అంటే ఫోర్జింగ్ డైల (అచ్చుల) మధ్య నుంచి బయటికి పిండుకొచ్చి, తర్వాత కోసేసే అంచు. ఏ గ్రేడు బార్‌తో ముక్క కొట్టారో ఫ్లాష్ అదే గ్రేడు, నూటికి నూరు పాళ్లు. ఇంత శుభ్రంగా, ఇంత కచ్చితంగా వివరం తెలిసిన తుక్కు ఇంకొకటి ఉండదు. మా గేటు దాటగానే అది "లోకల్ హెవీ" అయిపోయింది.

ఇక్కడ నాకు అర్థమైన సంగతి ఒకటుంది, మిగతా పనంతా దాని మీదే నడిచింది. అల్లాయ్ (నికెల్, క్రోమియంలాంటివి కలిపిన) తుక్కు విలువ లోహంలో ఎంత ఉందో, దాని గురించిన సమాచారంలో కూడా అంతే ఉంది. ఏ గ్రేడో తెలిసినంతసేపే 1.5 శాతం నికెల్ మనకు ఆస్తి. తెలియని క్షణం నుంచి అదే నికెల్ మలినం.

ఆ హీట్‌ను కస్టమర్‌కు పంపలేదు. ఒక బిల్లెట్ ముక్కను ఫోర్జ్ చేయించి, వాళ్లు ఈఎన్8కు వాడే తీరులోనే నీళ్లలో క్వెంచ్ చేయించి (వేడి మీదే ముంచి ఒక్కసారిగా చల్లార్చి) చూశాం. కాఠిన్యం వాళ్ల పై హద్దు దాటింది. రెండు ముక్కల్లో మూలల దగ్గర క్వెంచింగ్ పగుళ్లు. నికెల్, మాలిబ్డినం రెండూ స్టీలు లోతుగా గట్టిపడేలా చేస్తాయి. ఈఎన్24లో మనకు కావాల్సిన ఆ గుణమే సాదా స్టీలులో ముక్కను పగలగొట్టింది. మిగిలిన బిల్లెట్లకు రంగు కొట్టి పక్కన పెట్టాం. తర్వాత నాలుగు నెలల్లో ఈఎన్24 హీట్లలో కొద్దికొద్దిగా కరిగించుకున్నాం.

రాగి, వేరే కథ

అదే నెలలో ఇంకో హీట్ మమ్మల్ని ఇంకో రకంగా ఇబ్బంది పెట్టింది. రాగి 0.29, తగరం 0.025, నికెల్ 0.07. ఆ బిల్లెట్లు ఫోర్జింగ్ సుత్తి కిందికి వెళ్లాక పైపొర మీద సన్నని పగుళ్లు లేచాయి. ఎండిన చెరువులో మట్టి నెర్రెలిచ్చినట్టు ఉంది. మొదటి హీట్‌లో రాగి 0.27 ఉన్నా ఇలాంటి నెర్రెలు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుంటే రాగి సంగతి మొత్తం తెలిసిపోతుంది.

బిల్లెట్‌ను 1150, 1200 డిగ్రీల్లో వేడి చేస్తున్నప్పుడు పైన ఇనుము కాలి పొక్కులా లేస్తుంది, దాన్నే స్కేల్ అంటాం. ఇనుము కాలుతుంది కానీ రాగి కాలదు. స్కేల్‌గా మారిన ఇనుములో ఉన్న రాగి అంతా వెనక్కి తగ్గి, స్కేల్‌కూ లోహానికీ మధ్య పోగవుతుంది. లోపల 0.29 శాతమే ఉన్నా ఆ సన్నని పొరలో అది చాలా చిక్కబడుతుంది. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ వేడిలో అది ద్రవం. ఆ ద్రవం స్టీలు రేణువుల సందుల్లోకి దిగుతుంది. పైనుంచి సుత్తి దెబ్బ పడగానే సందులు విడిపోతాయి. తగరం దీన్ని ఇంకా పాడుచేస్తుంది, ఎందుకంటే రాగి స్టీలులో కరిగి ఇమిడిపోయే శక్తిని అది తగ్గిస్తుంది. నికెల్ దానికి వ్యతిరేకం. రాగిని స్టీలులో ఎక్కువగా ఇముడ్చుతుంది, ఆ చిక్కటి పొర కరిగే ఉష్ణోగ్రతనూ పెంచుతుంది. నికెల్ రాగికి సమానంగా ఉంటే, సగం ఉన్నా సరే, నెర్రెల బెడద బాగా తగ్గుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. మొదటి హీట్‌లో రాగి కంటే నికెల్ ఎక్కువ. అందుకే దాని చర్మం బాగుంది. రెండో దాంట్లో అది లేదు.

రాగి ఎక్కడిది? కుప్ప దగ్గరికి వెళ్లి నేనే నిలబడి చూశాను. స్టార్టర్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, ఇంజన్ బ్లాకులకు చుట్టుకుని ఉన్న వైరింగ్, రేడియేటర్ ముక్కలు. పాత లారీల తుక్కులో ఇవి లేకుండా ఉండవు. ఒక వైరింగ్ చుట్ట తీసి తూకం వేయించాను. పైతొడుగు కాల్చకముందు నాలుగు కిలోల పైచిలుకు, తీగ ఒక్కటే మూడు కిలోలు. 30 టన్నుల్లో మూడు కిలోలంటే 0.01 శాతం. ఆ చుట్టను కాంటా గది గోడకు మేకు కొట్టి వేలాడదీయించాను, పక్కన బోర్డు మీద "ఇది ఒక పాయింట్" అని రాయించాను. రాగి పట్టే కుర్రాళ్లకు శిక్షణ అంటూ విడిగా ఏమీ ఇవ్వలేదు. బకెట్‌లోంచి ఒక మోటారు తీసి పక్కన పడేసినప్పుడల్లా ఎన్ని పాయింట్లు తగ్గించారో వాళ్లే లెక్క చెప్పడం మొదలుపెట్టారు. తీసిన రాగి అమ్మిన డబ్బులో వాటా యార్డు వాళ్లకే ఇవ్వాలని నేను పట్టుబట్టాను, మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఈ ఏడాదిలో మేం తీసుకున్న నిర్ణయాల్లో ఇంతగా ఫలితం ఇచ్చింది ఇంకొకటి లేదు.

యార్డులో కుప్పలు

అంతకుముందు మా యార్డులో నాలుగు కుప్పలు ఉండేవి: హెవీ, లైట్, టర్నింగ్స్ (లేత్ మీద తిప్పినప్పుడు రాలే చుట్టలు), దిగుమతి. అంటే సైజును బట్టి విడదీశాం, లోహాన్ని బట్టి కాదు. ఇప్పుడు కాంక్రీటు గోడలతో తొమ్మిది గదులు. సాదా కార్బన్, క్రోమ్–మాలీ (మాలీ అంటే మాలిబ్డినం), నికెల్–క్రోమ్–మాలీ, మాంగనీస్–క్రోమ్ గేర్ స్టీలు, బేరింగ్ స్టీలు, స్ప్రింగ్ స్టీలు, స్టెయిన్‌లెస్, టర్నింగ్స్, చివరిది "తెలియనిది". ఆ చివరి గది కోసం నేను చాలా వాదించాల్సి వచ్చింది. జాగా దండగ అన్నారు. తెలియనిదాన్ని పెట్టడానికి ఒక చోటు లేకపోతే ఏ మనిషైనా దాన్ని తెలిసినవాటిలోనే ఎక్కడో ఒకచోట వేస్తాడు.

విడదీయడానికి మొదటి సాధనం మేస్త్రీ గ్రైండర్. ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది. గ్రైండర్ రవ్వల్ని చూసి స్టీలు రకం చెప్పే స్పార్క్ టెస్ట్ నాకు పుస్తకంలోనే తెలుసు, దాన్ని ఆయన దగ్గరే కళ్లతో నేర్చుకున్నాను. సాయంత్రం వెలుతురు తగ్గాక, షెడ్డు నీడలో, ఒకే ఒత్తిడితో ఆనించాలి. సాదా కార్బన్ స్టీలు రవ్వ చివర్న పువ్వులా పగులుతుంది. కార్బన్ పెరిగేకొద్దీ పూలు గుబురుగా వస్తాయి. 18–8 (క్రోమియం 18, నికెల్ 8 శాతం) స్టెయిన్‌లెస్ రవ్వలు పొట్టిగా, పువ్వు లేకుండా ఎండుగడ్డి రంగులో ఉంటాయి. టంగ్‌స్టన్ ఉన్న టూల్ స్టీలు అయితే మసక ఎరుపు గీతలు, అంతే. మాలిబ్డినం ఉన్న ముక్క పట్టుకుని ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఈ రవ్వ కొస చూడుండ్రి సార్. బాణం ములుకు లెక్క ఊడిపోతుంది. ఉత్త ఇనుముల ఇట్ల రాదు."

నిజమే. గీత ఆగిపోయాక చిన్న సందు, ఆ తర్వాత నారింజ రంగు ములుకు ఒకటి విడిగా. ఒకసారి చూశాక మళ్లీ మర్చిపోలేం.

రెండో సాధనం ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్, ఎక్స్-కిరణాలతో లోహాల్ని గుర్తించేది. ముక్కకు ఆనించి ట్రిగ్గర్ నొక్కితే కొద్ది సెకన్లలో నికెల్, క్రోమియం, మాలిబ్డినం, రాగి చూపిస్తుంది. చాలా మంచి పరికరం, కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అది కార్బన్‌ను చూడలేదు. ఇంకొకటి, అది చూసేది పైపొరనే. గన్ కొన్న మొదటి నెలలో హైడ్రాలిక్ రాడ్లు ఒక లోడ్ వచ్చాయి. ఎక్స్‌కవేటర్ల సిలిండర్లలోవి, అద్దంలా మెరుస్తున్నాయి. గన్ పెడితే క్రోమియం విపరీతంగా చూపించింది. కుర్రాడు సంతోషంగా స్టెయిన్‌లెస్ గదిలో వేయించాడు. మేస్త్రీ ఒక రాడ్డును గ్రైండర్‌కు ఆనించి, రెండు క్షణాల్లో పూలు పూయించి చూపించాడు. పైన హార్డ్ క్రోమ్ పూత, లోపల సాదా కార్బన్ స్టీలు. అప్పటి నుంచి మా నియమం: ముందు గ్రైండర్, గీసిన చోటే గన్. సాధనాలు రెండూ ఉండాలి, ఈ వరుసలోనే ఉండాలి.

టర్నింగ్స్ అన్నింటికన్నా కష్టం. లేత్ కింద పడిన చుట్టల్ని ఒక్కొక్కటి పరీక్షించలేం. పొద్దున ఈఎన్8, మధ్యాహ్నం ఈఎన్24 తిప్పిన మెషిన్ కింద సాయంత్రం ఒకే చీపురుతో ఊడ్చేస్తారు. దీనికి మందు మా యార్డులో లేదు, మెషిన్ షాపులోనే ఉంది. మా దగ్గర బిల్లెట్ కొనే ఫోర్జింగ్ యూనిట్లకు, వాళ్ల పని చేసే బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న షాపులకు నేనే తిరిగాను. గ్రేడు మారినప్పుడు డ్రమ్ము మార్చండి, డ్రమ్ము మీద హీట్ నంబరు రాయండి, కిలోకు ఇంత ఎక్కువ ఇస్తాం అని చెప్పాను. ఒకాయన నవ్వి, "తమ్ముడూ, తుక్కుకు కూడా పేరు పెట్టమంటావా" అన్నాడు. పెట్టమన్నాను. రెండు నెలల తర్వాత ఆయన షాపు నుంచే మాకు మొదటి శుభ్రమైన ఈఎన్24 టర్నింగ్స్ లోడ్ వచ్చింది. నూనె వడకట్టి మరీ పంపారు.

గేటు దగ్గర రేడియేషన్ డిటెక్టర్ అంతకుముందే ఉంది, దాని గురించి ఒక్క మాట. 2010లో ఢిల్లీ మాయాపురిలో యూనివర్సిటీ నుంచి తుక్కుగా అమ్మేసిన యంత్రంలో రేడియోధార్మిక కోబాల్ట్–60 ఉందని తెలియక కోశారు. ఒక మనిషి ప్రాణం పోయింది. అలాంటిది ఫర్నేస్‌లోకి వెళితే హీట్ మొత్తం, దుమ్ము పట్టే ఫిల్టర్లు, షాపు అన్నీ కలుషితమవుతాయి. అలారం మోగితే లారీని వెనక్కి పంపేయడం కూడా తప్పే. పక్కన నిలబెట్టి అధికారులకు చెప్పాలి.

క్రోమియాన్ని స్లాగ్‌లోంచి వెనక్కి తేవడం

నికెల్, మాలిబ్డినం విషయంలో పని యార్డులోనే అయిపోతుంది. గదులు సరిగ్గా ఉంటే ఫర్నేస్‌లో వాటి కోసం చేయాల్సిందేమీ లేదు, వేసింది వేసినట్టు స్టీలులోకి వస్తాయి. క్రోమియం అలా కాదు. అల్లాయ్ తుక్కు వాడకంలో ఫర్నేస్ మనిషికి అసలు పరీక్ష ఇదే.

చిక్కు ఏమిటంటే భాస్వరం పోవాలంటే ఆక్సిజన్ కావాలి, సున్నం ఎక్కువున్న స్లాగ్ కావాలి, ఉష్ణోగ్రత తక్కువ ఉండాలి. సరిగ్గా ఈ పరిస్థితుల్లోనే క్రోమియం కూడా కాలిపోతుంది. మేం అంతకుముందు ఈఎన్24 తుక్కును కూడా మామూలు తుక్కులాగే మొదటి బకెట్‌లో వేసి, ఆక్సిజన్ ఊది కరిగించేవాళ్లం. స్లాగ్ గంజిలా చిక్కబడేది. క్రోమియం ఆక్సైడ్ కరిగే ఉష్ణోగ్రత 2,400 డిగ్రీలకు పైమాటే, కొద్దిశాతం చేరినా స్లాగ్ బిగుసుకుంటుంది. తలుపు దగ్గర కుర్రాళ్లు దాన్ని పలుచన చేయడానికి ఫ్లోర్‌స్పార్ వేసేవాళ్లు, తర్వాత బయటికి లాగి పారబోసేవాళ్లు. ఒకరోజు ఆ స్లాగ్‌ను విశ్లేషణకు పంపాను. క్రోమియం ఆక్సైడ్ 10 శాతం దగ్గర తేలింది. హీట్‌కు రెండు టన్నుల స్లాగ్ అనుకుంటే 200 కిలోల ఆక్సైడ్, అందులో 137 కిలోల క్రోమియం. పారబోసిన ప్రతి హీట్ తర్వాత లేడిల్‌లో ఫెర్రో క్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రమం) వేసుకుంటూ వచ్చాం.

మార్చిన పద్ధతి ఇది. మొదటి బకెట్‌లో సాదా తుక్కు, స్పాంజ్ ఐరన్ మాత్రమే. దాన్ని ఆక్సిజన్‌తో కరిగించి, భాస్వరాన్ని స్లాగ్‌లోకి పట్టించి, ఆ స్లాగ్‌ను వీలైనంత శుభ్రంగా తీసేస్తాం. ఆ తర్వాత రెండో బకెట్‌లో అల్లాయ్ తుక్కు. ఇక లాన్స్ (ఆక్సిజన్ ఊదే గొట్టం) ముట్టుకోం, కరెంటుతోనే కరగాలి. ట్యాపింగ్‌కు (ఫర్నేస్‌లోంచి లోహం పోయడానికి) ముందు కొత్త సున్నం, స్లాగ్ మీద ఫెర్రో సిలికాన్. సిలికాన్ క్రోమియం నుంచి ఆక్సిజన్ లాగేసుకుంటుంది, క్రోమియం లోహంలోకి దిగుతుంది. 137 కిలోల క్రోమియానికి కాగితం మీద 55 కిలోల సిలికాన్ చాలు, అంటే 75 శాతం ఫెర్రో సిలికాన్ 74 కిలోలు. స్లాగ్‌లోని ఇనుప ఆక్సైడ్ కూడా సిలికాన్‌ను తింటుంది కాబట్టి నిజంగా వేయాల్సింది ఇంతకంటే ఎక్కువ. ముందే భాస్వరం స్లాగ్‌ను సరిగ్గా తీయకపోతే ఇదే ఫెర్రో సిలికాన్ ఆ భాస్వరాన్నీ వెనక్కి తెచ్చి లోహంలో పెడుతుంది. ఈ కొత్త పద్ధతిలో వేసిన రెండో హీట్‌లో మాకు సరిగ్గా అదే జరిగింది. స్లాగ్ తీయడంలో తొందరపడ్డాం, భాస్వరం 0.014 నుంచి 0.027కు ఎక్కింది.

ఫలితం ల్యాబ్ రిపోర్టు రాకముందే కళ్లకు తెలుస్తుంది. కడ్డీ ముంచి తీసిన స్లాగ్ పెంకు మొదట్లో నల్లగా, బరువుగా, గాజులా ఉండేది. క్రోమియం ఇంకా మిగిలి ఉంటే విరిచినచోట ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. ఫెర్రో సిలికాన్ పనిచేసి, లేడిల్ ఫర్నేస్‌లో అల్యూమినియం కూడా పడ్డాక అది బూడిదరంగుకు, తర్వాత తెలుపుకు మారుతుంది. ఒక్కోసారి పళ్లెంలో పెట్టిన పెంకు చల్లారాక దానంతటదే పిండిలా రాలిపోతుంది. మా ఫర్నేస్ ఆపరేటర్ ఒకాయన ఇప్పుడు శాంపిల్ రిపోర్టుకంటే ఆ పళ్లేన్నే ఎక్కువ నమ్ముతాడు. తప్పు కాదు, కానీ రెండూ చూడమని చెప్తుంటాను.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది. లాన్స్ లేకుండా కరిగించడం వల్ల హీట్‌కు పదిహేను, ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది, కరెంటు యూనిట్లు పెరుగుతాయి. అందుకే సాదా గ్రేడ్లకు పాత పద్ధతే ఉంచాం. క్రోమ్ ఒక శాతం దాటిన గ్రేడ్లకే ఇది.

ప్రమాదం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కరిగిన లోహం మీద బకెట్ దింపుతున్నప్పుడు తుక్కులో తడి ఉంటే పేలుతుంది. వర్షాకాలంలో అల్లాయ్ తుక్కు గదుల మీద రేకులు వేయించాం. మూసిన పైపులు, గ్యాస్ సిలిండర్లు, షాక్ అబ్జార్బర్లు కోసి లోపల చూడనిదే బకెట్‌లో వేయడానికి వీల్లేదు. ఈ ఒక్క విషయంలో టన్నేజీ గురించి ఎవరు అడిగినా వినేది లేదు.

ఒక ఈఎన్24 హీట్ లెక్క

పద్ధతి కుదురుకున్నాక వేసిన ఒక హీట్ ఛార్జ్ లెక్క ఇది. ఈఎన్24లో నికెల్ 1.3 నుంచి 1.7 దాకా ఉండొచ్చు. గురి 1.4, అంటే 30 టన్నులకు 420 కిలోల నికెల్. మాలిబ్డినం గురి 0.22, అంటే 66 కిలోలు. మొత్తం కొని వేస్తే 420 కిలోల నికెల్, 60 శాతం ఫెర్రో మాలీ 110 కిలోలు కావాలి.

రెండో బకెట్‌లో 18 టన్నుల ఈఎన్24 తుక్కు వేశాం. దాంతో 270 కిలోల నికెల్, 45 కిలోల మాలిబ్డినం వచ్చాయి. ఒక టన్ను 304 స్టెయిన్‌లెస్ వేశాం. 80 కిలోల నికెల్, 180 కిలోల క్రోమియం దాంట్లో ఉంటాయి. ఇక కొనాల్సింది 70 కిలోల నికెల్, 35 కిలోల ఫెర్రో మాలీ. మొదటి బకెట్ భాస్వరం 0.010కి దించి ఉంచాం, ఈఎన్24 తుక్కు సగటు 0.020. కలిసి 0.016 దగ్గర తేలింది.

304 ఇంకా ఎక్కువ వేస్తే నికెల్ అసలు కొననక్కర్లేదు కదా అని మా పర్చేజ్ మేనేజర్ అడిగారు. అందులో ఎనిమిది పాళ్ల నికెల్‌కు పద్దెనిమిది పాళ్ల క్రోమియం ఉంటుంది. మొత్తం 420 కిలోల నికెల్ 304 నుంచే తేవాలంటే ఐదుంబావు టన్నులు వేయాలి, దాంతో 945 కిలోల క్రోమియం వస్తుంది. ఈఎన్24కు కావాల్సింది 360 కిలోలే. ఆ అదనాన్ని కాల్చేయడం అంటే మళ్లీ గంజి స్లాగ్ దగ్గరికే వెళ్లడం. స్టెయిన్‌లెస్ తుక్కుకు తగిన చోటు స్టెయిన్‌లెస్ షాపే. అక్కడ ఏఓడీ (ఆర్గాన్, ఆక్సిజన్ కలిపి ఊది కార్బన్ తీసే పాత్ర) ఉంటుంది. ఆక్సిజన్‌లో ఆర్గాన్ కలిపి ఊదితే క్రోమియం కాలకుండా కార్బన్ మాత్రం పోతుందని 1950లలో యూనియన్ కార్బైడ్‌లో విలియం క్రివ్‌స్కీ గమనించాడు. 1968లో అమెరికాలోని ఫోర్ట్ వేన్‌లో అది వ్యాపారస్థాయిలో మొదలైంది. మా దగ్గర ఆ సదుపాయం లేదు. అందుకే మేం ఒక్క టన్ను దగ్గర ఆగుతాం, మిగిలింది అమ్మేస్తాం.

ఆ ఒక్క టన్నులోనూ ఒక ఉచ్చు ఉంది. మన ఇళ్లల్లో వాడే స్టీలు సామాన్లు చాలావరకు 304 కావు. 200 సిరీస్ స్టెయిన్‌లెస్‌లో నికెల్ ఒక శాతం దగ్గర, మాంగనీస్ తొమ్మిది దగ్గర, రాగి ఒకటిన్నర పైన ఉండే రకాలు మన దేశంలో బాగా చెల్లుతాయి. తళతళలో తేడా లేదు. అయస్కాంతం రెండింటికీ అంటుకోదు. ఒక టన్ను 304 బదులు అది పడితే 80 కిలోల నికెల్ రావాల్సిన చోట 10 కిలోలే వస్తుంది, ఊరికే 17 కిలోల రాగి చేరుతుంది, అంటే దాదాపు ఆరు పాయింట్లు. గిన్నెలు, పళ్లేల కట్టలు వస్తే గన్‌లో మొదట చూడాల్సింది నికెల్ కాదు, మాంగనీస్. రెండు దాటితే ఆ కట్ట మాకొద్దు.

ఇప్పుడు ఎక్కడున్నాం

గదులు పూర్తయ్యాక గడిచిన ఎనిమిది నెలల్లో నికెల్, మాలిబ్డినం వల్ల ఒక్క ఈఎన్8 హీట్ కూడా దారి మళ్లలేదు. ఛార్జ్ షీట్‌లో "లోకల్ హెవీ" అన్న పదం ఇప్పుడు లేదు, గది నంబరు, టన్నులు, లోడ్ నంబరు రాస్తారు. రాగి మాత్రం నాకు తృప్తినివ్వలేదు. సాదా గ్రేడ్లలో 0.20 కిందికి తెచ్చాం కానీ, స్పాంజ్ ఐరన్ శాతం తగ్గించిన ప్రతిసారీ అది మళ్లీ పైకి లేస్తుంది. చేత్తో ఏరగలిగింది ఏరాం. ష్రెడ్డర్‌లో నలిగి ఇనుప రేకు మడతలో ఇరుక్కున్న తీగను ఏ కుర్రాడూ ఏరలేడు. నికెల్ ఉన్న గ్రేడ్లు రాగిని కొంత భరిస్తాయి కాబట్టి, రాగి ఎక్కువున్న లోడ్లను కస్టమర్ హద్దు దాటకుండా ఈఎన్24 వైపు మళ్లిస్తున్నాం. దానితో రాగి పోదు, ఇంకో స్టీలులోకి చేరుతుందంతే. పదిహేనేళ్ల తర్వాత ఆ షాఫ్ట్ తుక్కుగా తిరిగొచ్చినప్పుడు అందులో ఆ రాగి ఉంటుంది. అందుకే మోటార్లు, వైరింగ్ విప్పకుండా వాహనాన్ని నలిపేయకూడదని, ఆ పని వాహనాల తుక్కు కేంద్రాల్లోనే జరగాలని అమ్మేవాళ్లందరికీ చెప్తున్నాం. విప్పి పంపిన లోడ్‌కు ఎక్కువ ధర కూడా ఇస్తున్నాం.

తొమ్మిదో గదిలో ఈ రోజుకు పద్నాలుగు టన్నులు ఉన్నాయి. ప్రతి శనివారం మధ్యాహ్నం షిఫ్ట్ మారే వేళ మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు గ్రైండర్, గన్ పట్టుకుని అందులోంచి వీలైనంత ఏరతారు. పోయిన శనివారం ఒక మూలన పాత ఇంజన్ వాల్వులు రెండు గోనెసంచులు దొరికాయి. ఎగ్జాస్ట్ వాల్వులు కొన్ని అయస్కాంతానికి అంటలేదు, ఇన్లెట్ వాల్వులు అంటాయి. రెండూ వేరు గ్రేడ్లు, రెండింటిలోనూ క్రోమియం బాగా ఉంటుంది. మేస్త్రీ వాటిని నేల మీద రెండు వరుసలుగా పరిచి, ఒక్కొక్కటీ అయస్కాంతంతో తాకి చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడేసరికి ఒక సంచి అయింది.